సంకల్పంలో చెప్పిన పేరు

ఈ మాట నాలో పడి ఇన్నేళ్లయింది. బయటికి తియ్యాలని చాలాసార్లు అనుకున్నాను. నోటి దాకా వచ్చేది, వెనక్కి పోయేది. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. దేవుడికి ఎలాగూ తెలుసు కదా, విడిగా చెప్పేదేముంది అని అక్కడా దాటేశాను. రోజూ పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి, ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చునే మనిషిని. ఈ ఒక్క సంగతి ఎత్తకుండా మిగతావన్నీ ఆయనతో మాట్లాడటం బాగా అలవాటు చేసుకున్నాను.

మీకు చెబుతాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్లకు చెబితే వెంటనే ఓదారుస్తారు. నాకు ఓదార్పు వద్దు. పేర్లు మార్చాను. షార్జాలో ఉంటామనీ, మా ఆయన దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీకి రోజూ వెళ్లొస్తారనీ చెప్పడం వల్ల వచ్చే నష్టమేమీ లేదు. అలాంటి ఇళ్లు ఇక్కడ ఎన్నో ఉన్నాయి.

నేను చేసిన పని చెబితే పెద్దదిగా వినపడదు. ఎవరినీ కొట్టలేదు. ఎవరి సంసారమూ చెడగొట్టలేదు. ఒక మనిషి ప్రాణం కోసం జపం చేస్తానని మాటిచ్చి, ఆ జపం ఇంకొకరి పేరు మీద చేశాను. ఇంతేనా అని మీకు అనిపించవచ్చు. ఇంతే కదా అనుకోవాలని నేనూ చాలాకాలం ప్రయత్నించాను.

మా నాన్నగారు మృత్యుంజయ జపం చేసేవారు. ఊళ్లో ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా మా ఇంటికి కబురు వచ్చేది. ఆయన పక్కన కూర్చుని విని విని నేర్చుకున్నాను. పెళ్లై ఇక్కడికి వచ్చాక అదే నాకు తోడైంది. తర్వాత్తర్వాత మా బిల్డింగులోని తెలుగు ఆడవాళ్లు ఒక్కొక్కరే చేరారు. అప్పట్లో శుక్రవారం సెలవు. సాయంత్రం మా హాల్లో చాప పరిచి, తలుపు వేసి, పక్క ఫ్లాట్ల వాళ్లకు ఇబ్బంది లేకుండా గొంతు తగ్గించి చదువుకునేవాళ్లం. మధ్యలో నేను. నేను కాస్త చండశాసనురాలిని లెండి. ఎవరైనా పరధ్యానంగా ఉంటే ఊరుకునేదాన్ని కాదు. అక్షరం జారితే మళ్లీ మొదటి నుంచీ అనిపించేదాన్ని. అందరూ అక్కా అక్కా అని చుట్టూ తిరుగుతుంటే లోపల ఎంత హాయిగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. మా ఆయనకు ఇవేవీ పట్టవు. అందరూ వెళ్లాక గదిలోంచి తల బయటపెట్టి, "ఖలాసా? మీటింగ్ అయిందా? దేవుడు సంతకం పెట్టాడా?" అని అడిగేవారు.

ఆ గుంపులోకే మణి వచ్చింది. మా కింది అంతస్తులో ఇంకో కుటుంబంతో ఫ్లాట్ పంచుకుని ఒక గదిలో ఉండేవాళ్లు, తనూ వాళ్లాయనా. కోనసీమ మనిషి. పగలు రెండు మూడు విల్లాల్లో వంట చేసేది. మొదటి రోజు చాప మీద కూడా కూర్చోలేదు, తలుపు దగ్గర నేల మీద కూర్చుంది. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి నా పక్కన కూర్చోబెట్టాను. చదువు పెద్దగా లేదు, చెవితోనే నేర్చుకుంది. అంత శ్రద్ధగా నేర్చుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. నా పెదాల వైపే చూస్తూ, నేను ఊపిరి తీసుకునే చోట తనూ తీసుకునేది.

వాళ్లాయనను సూరిబాబు అందాం. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గరాజ్‌లో కార్ల ఏసీలు బాగుచేసేవాడు. శుక్రవారాలు కూడా సగం పూట పని ఉండేది. సాయంత్రం మణి కోసం వచ్చి మా గుమ్మం బయటే నిలబడేవాడు. లోపలికి రమ్మంటే, "చేతులకి గ్రీజుందండి అక్కగారూ, దేవుడి దగ్గర బాగోదు," అనేవాడు. చెప్పులు విప్పి ఓ పక్కన పెట్టి, గోడకు ఆనుకుని, మేము చదువుతున్నది తనకు తెలిసినంత మేరకు గొణుక్కునేవాడు. ఒకసారి మా దీపపు కుంది కింద పడి అడుగు సొట్టపోయింది. ఎలా పెట్టినా ఓ పక్కకు ఒరిగిపోయేది. సూరిబాబు దాన్ని గరాజ్‌కి పట్టుకెళ్లి, సొట్ట తీసి, కొత్త తువ్వాలులో చుట్టి తెచ్చిచ్చాడు. ఇత్తడి మీద సుత్తి దెబ్బ ఆనవాలు కూడా లేదు. ఇలాంటి మనిషి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి పేరు వదిలేశానని మీరు అనుకోకూడదు.

జపం అయ్యాక నేను ఏదో ఒకటి బోధించేదాన్ని. ఒక శుక్రవారం కర్మ గురించి చెప్పాను. ఎవరు చేసుకున్నది వాళ్లే అనుభవించాలి, తప్పించుకోలేం అన్నాను. అందరూ తలలూపారు. మణి మాత్రం అడిగింది, మరి ఒకళ్ల కోసం ఇంకొకళ్లు జపం చేస్తే అది ముడుతుందా అని. ముడుతుంది, ధారపోస్తే ముడుతుంది అని చెప్పాను. మొదట్లోనే అరచేతిలో నీళ్లు పోసుకుని, ఎవరి కోసం చేస్తున్నామో వాళ్ల గోత్రం, నక్షత్రం, పేరు చెప్పి సంకల్పం చేసుకోవాలి. అప్పుడు జపఫలం వాళ్లకే వెళుతుంది. మన ఇళ్లకు కార్గోలో సామాను పంపేటప్పుడు పెట్టె మీద నాలుగు వైపులా మార్కర్‌తో పేరు రాస్తాం కదా, అలాగే. పేరు లేని పెట్టె ఎక్కడికి చేరుతుంది అన్నాను. ఆ పోలిక అందరికీ తెగ నచ్చింది. నాకూ నచ్చింది, ఇంకో రెండు చోట్ల వాడుకున్నాను.

తర్వాత కరోనా మొదటి ఏడాది వచ్చింది. ఆ రోజులు మీకు నేను వర్ణించక్కర్లేదు. మా బిల్డింగులో లిఫ్టు చప్పుడు కూడా ఆగిపోయింది. మణి వాళ్లతో ఉంటున్న కుటుంబం విమానాలు ఆగకముందే ఇండియా వెళ్లిపోయింది. సూరిబాబుకు మొదట దగ్గు, తర్వాత ఆయాసం. అంబులెన్స్ వచ్చి తీసుకెళ్లింది. మణికి కూడా జ్వరం మొదలైంది, తలుపు తీయవద్దన్నారు. నేను రోజూ చారన్నం డబ్బాలో పెట్టి, ఆమె గుమ్మం ముందు ఉంచి, తలుపు తట్టి మెట్ల దాకా వెనక్కి వెళ్లేదాన్ని. ఆమె తలుపు సందులోంచి చెయ్యి మాత్రం చాపి తీసుకునేది. ఆ చేతికి గాజులు వదులైపోవడం చూశాను.

ఆ రోజు చెయ్యి చాపలేదు. లోపలి నుంచే మాట్లాడింది.

"అక్కా, ఉన్నావా? దగ్గరికి రాకు."

"రాలేదు, మెట్ల దగ్గరే ఉన్నాను. ఎలా ఉంది?"

"నాకేం పర్లేదక్కా. ఆయనతో పనిచేసే కడప భాయ్ ఫోన్ చేశాడు. మెషీన్ మీద పెట్టారంట. ఊపిరి ఆడట్లేదంట ఆయనకి." కాసేపు దగ్గు. "మంత్రం చేద్దామని కూచున్నానక్కా. నావల్ల కావట్లేదు. రెండు ముక్కలనేసరికి దగ్గొచ్చి తెగిపోతంది. తెగిపోయిన మంత్రం ఏం పలుకుద్ది? నువ్వు చెయ్యక్కా ఆయన కోసం. నువ్వు చేత్తే అందుద్ది."

"చేస్తానే. అడగాలా? రేపు తెల్లవారి సంకల్పం చెప్పుకుని మొదలుపెడతాను. మీ గోత్రం చెప్పు."

"గోత్రం నాకు తెలీదక్కా. పెళ్లిలో పంతులుగారేదో అన్నారు."

"పోనీ, తెలియనివాళ్లకు శివగోత్రం అని చెబుతాం. పర్వాలేదు."

"వద్దక్కా. పేరు సరిగ్గా లేపోతే పెట్టె చేరదని నువ్వే అన్నావు. మా అత్తకి ఫోన్ చేసి కనుక్కుంటాను." మళ్లీ దగ్గింది. తర్వాత చాలా మెల్లగా అంది, "ఆయన్ని నీకప్పజెప్పుతున్నానక్కా."

"ఆ దిగులు నాకు వదిలెయ్. నువ్వు అన్నం తిను," అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నాకు ఏ కపటమూ లేదు. ఇది నమ్మండి. కళ్లు తుడుచుకుంటూ మెట్లెక్కాను. ఇంట్లోకి వెళ్లేసరికి మా ఆయన సోఫాలో దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నారు. పగటిపూట పడుకునే మనిషి కాదు. నుదుటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. "ఏంటలా జడుసుకుంటావు, చలేసింది అంతే," అని నవ్వబోయి దగ్గారు. సరిగ్గా ఆ దగ్గు. ఐదు నిమిషాల క్రితం తలుపు వెనక నుంచి విన్న దగ్గే.

పరీక్షకు ఇచ్చి వచ్చాం. ఫలితం కోసం ఎదురుచూస్తున్నాం. సాయంత్రానికి మణి నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. వాళ్లత్తగారు ఊళ్లో పెద్దవాళ్లనడిగి చెప్పారట. గోత్రం, నక్షత్రం, ఇంటిపేరుతో సహా సూరిబాబు పూర్తి పేరు, నాకు అర్థం కాదేమోనని రెండుసార్లు చెప్పింది. మధ్యలో దగ్గి, దగ్గినందుకు సారీ అక్కా అంది. మొత్తం విన్నాను. వినలేదనీ, గోత్రం తెలియక అలా జరిగిందనీ చెప్పుకోవడానికి నాకు దారి లేదు. ఒకటి రెండేళ్లు మనసులో ఆ దారి కట్టుకోవాలని చూశాను కూడా. కుదరలేదు.

తెల్లవారింది. తలస్నానం చేశాను. సూరిబాబు సొట్ట తీసిన కుందిలోనే నూనె పోసి దీపం వెలిగించాను. అరచేతిలో నీళ్లు పోసుకుని సంకల్పం మొదలుపెట్టాను. మామూలుగా నేను మా ఆయన పేరు పలకను. ఏవండీ అంటాను, ఇదిగో అంటాను, ఎవరైనా అడిగితే మా ఆయన అంటాను. ఒక్క సంకల్పంలోనే ఆయన పేరు నా నోట వస్తుంది. పేరు చెప్పే చోటికి వచ్చేసరికి పక్కగదిలో ఆయన దగ్గుతున్నారు. ఆగకుండా దగ్గుతున్నారు. మా గోత్రం వచ్చింది. ఆయన పేరు వచ్చింది. వచ్చింది అంటున్నాను, చూడండి, దానంతటదే వచ్చినట్టు. చెప్పాను. నేను చెప్పాను. మణి చెప్పిన పేరు నాలుక చివర ఉండగా, దాన్ని మింగి, మా ఆయన పేరు చెప్పి నీళ్లు వదిలాను.

రెండు పేర్లూ చెప్పి ఉండొచ్చు. అన్నిటికంటే ఈ మాట నన్ను ఎక్కువగా కోస్తుంది. ఏ శాస్త్రమూ అడ్డం రాలేదు. మా నాన్నగారు ఒకరి కోసం కూర్చున్నా, వీధిలో జబ్బుపడ్డ ప్రతివాళ్ల పేరూ కలిపేవారు, ఆఖరికి మా ఇంటికి పాలుపోసే మనిషి గేదె పేరు కూడా. నాకు అది తెలుసు. తెలిసీ ఎందుకు చెప్పలేదు? సగం సగం అయిపోతుందని భయపడ్డాను. ఇద్దరికి పంచితే మా ఆయనకు చాలదేమో అనిపించింది. దేవుడి దయకు కూడా కొలత పెట్టాను. ఆ క్షణంలో నాకు మణి లేదు, సూరిబాబు లేడు, ఆ దగ్గు ఒక్కటే ఉంది.

మర్నాడు మార్చుకుందాం అనుకున్నాను. మర్నాడు, మధ్యలో సంకల్పం మార్చకూడదు అనుకున్నాను. అలాంటి నియమం ఎవరు చెప్పారో నాకు తెలియదు. నాకు నేనే చెప్పుకున్నాను. ఇంతమందికి నియమాలు చెప్పినదాన్ని, నాకొకటి తయారుచేసుకోవడం ఎంత పని?

రోజూ చారన్నం తీసుకెళ్లేదాన్ని. రోజూ తలుపు వెనక నుంచి ఆమె అడిగేది, "జరుగుతుందా అక్కా?" అని. జరుగుతోంది అనేదాన్ని. జరుగుతూనే ఉంది మరి. మాటలో అబద్ధం లేదు కదా అని మెట్లెక్కుతూ అనుకున్న రోజులున్నాయి. ఇలాంటి తెలివి నాకు ఎక్కడి నుంచి వచ్చిందో.

మా ఆయనకు ఆ జబ్బే అని తేలింది గానీ తేలికగానే పోయింది. జ్వరం దిగింది, ఆకలి అన్నారు, వంటింట్లోకి వచ్చి గిన్నెల మూతలు తీసి చూడటం మొదలుపెట్టారు. గట్టున పడ్డాం. ఇక అప్పుడైనా? నేను అసలు ఒప్పుకోవలసింది ఇక్కడే ఉంది. మొదటి రోజుది భయం. భయంలో మనిషి ఏదైనా చేస్తాడని మీరు నన్ను కాస్త క్షమించగలరేమో. కానీ ఆయన లేచి తిరుగుతున్నాక కూడా నేను పేరు మార్చలేదు. మళ్లీ తిరగబెడుతుందేమో, మండలం పూర్తి కావాలి అని ఆయన పేరు మీదే కూర్చున్నాను. అవతల ఒక మనిషి మెషీన్ మీద ఉన్నాడు. ఇవతల ఒక మనిషి పప్పులో ఉప్పు తగ్గిందంటున్నాడు. నా జపం పప్పులో ఉప్పు తగ్గిందన్న మనిషి కోసం జరుగుతోంది.

సూరిబాబు పోయాడు. మణి ఫోన్ తీయకపోతే కడప భాయ్ నాకు చేశాడు. ఆ మాట చెప్పలేక చాలాసేపు అల్లా అల్లా అంటూ ఉండిపోయాడు. నేను కిందికి వెళ్లి తలుపు తట్టాను. నేను తట్టిన తీరుకే ఆమెకు అర్థమైందనుకుంటాను, లోపల ఏదో కింద పడిన చప్పుడు. తర్వాత ఏడుపు. తలుపు తీయడానికి లేదు. నేను లోపలికి వెళ్లడానికి లేదు. తలుపుకు వీపు ఆన్చి వరండాలో నేల మీద కూర్చున్నాను. అవతలి వైపు ఆమె కూడా తలుపుకే ఆనుకుని కూర్చుందని ఆ చెక్క కదలడంతో తెలిసింది. చివరికి అడిగింది.

"జపం జరుగుతుండగానే పోయాడు కదక్కా?"

"అవునమ్మా."

"అయితే మంచి చోటికే పోయుంటాడు."

ఇక్కడే దహనం చేశారు. ఆమెను వెళ్లనివ్వలేదు, ఫోన్‌లో చూసింది. అన్ని బాధల మధ్యా, ఆ అవునమ్మా అన్న మాట పట్టుకుని లేచి నిలబడింది. ఎంత గట్టిగా పట్టుకుందంటే, కనపడిన ప్రతివాళ్లకూ చెప్పింది. తన మొగుడికి ఒంట్లో బాగోకపోయినా అక్క మా ఆయన కోసం జపం మానలేదు అని. మళ్లీ అందరం కలుసుకునే రోజులు వచ్చాక, కొత్తగా చేరిన ఒకావిడ ఆ కథ విని వంగి నా కాళ్లకు దండం పెట్టింది. నేను కాళ్లు వెనక్కి తీసుకున్నాను. వినయం అనుకున్నారు. ఆ తర్వాత మోకాళ్ల నొప్పులని చెప్పి ఆ కూటమి నడపడం మానేశాను. నా మోకాళ్లు బాగానే ఉన్నాయి.

మణి అల్ ఐన్ వెళ్లిపోయింది, ఒక అరబ్బుల ఇంట్లో వంటకు. మంచివాళ్లు, ఆదరంగా చూస్తారు. పండగలకు ఫోన్ చేస్తుంది. పొద్దున లేవగానే మంత్రం చేసుకుంటున్నానక్కా, ఇప్పుడు తెగట్లేదు అంటుంది. ఖర్జూరాల కాలంలో ఎవరో ఒకరితో పెద్ద డబ్బా పంపుతుంది. మా ఆయన లొట్టలేసుకుంటూ తింటారు. నేను ముట్టుకోను, తీపి పడదని చెబుతాను.

మొన్న చలికాలంలో చూడ్డానికి రమ్మని ఒకటే పోరు పెట్టింది. వెళ్లాం. ఇల్లు వెనక ఖర్జూరపు తోట, దాని పక్కన ఆమె గది. మా ఆయన తోటలో పనిచేసే వాళ్లతో కబుర్లలో పడ్డారు. మణి నన్ను గదిలోకి తీసుకెళ్లి అలమర తలుపు తీసింది. మడతపెట్టిన చీరల పక్కన చిన్న శివుడి పటం, ఓ రుద్రాక్ష మాల, సూరిబాబు ఫొటో. పరాయి ఇల్లు కదా, లోపలే పెట్టుకుంటాను అంది. నన్ను మంచం మీద కూర్చోబెట్టి తను నేల మీద కూర్చుంది, మొదటి రోజు మా ఇంట్లో కూర్చున్నట్టే.

"బావగారికి ఒంట్లో బాగుంటంది కదక్కా? బాగుంటదిలే. రోజూ చెప్పుకుంటాను."

"ఏం చెప్పుకుంటావు?" అన్నాను.

"ఆయన పేరు. ఆ జొరాలప్పటినించీ. నీకెప్పుడూ చెప్పలేదు కదూ. బావగారికి కూడా వచ్చిందని నాతూర్ చెప్పాడు." నాతూర్ అంటే మా బిల్డింగ్ వాచ్‌మన్. "నువ్వేమో మా ఆయన కోసం కూచున్నావు. మరి బావగారికెవరు చేత్తారు? అందుకని నేను చేశానక్కా. మీ గోత్రం నీ నోట విని విని నాకొచ్చేసింది. దగ్గుతోనే చేశాను. తెగిపోతే మళ్లీ మొదలెట్టేదాన్ని."

"మరి మీ ఆయన కోసం?" అని అడిగాను.

"ఆయన్ని నీకప్పజెప్పేశాను కదక్కా. మళ్లీ నేనడిగితే నీ మీద నమ్మకం లేనట్టుంటది. ఒక్కసారి కూడా అడగలేదు."

చెప్పి నవ్వింది. టీ పెడతానని లేచింది.

కిటికీలోంచి మా ఆయన కనిపిస్తున్నారు. ఎవరో ఇచ్చిన ఖర్జూరాల పొట్లం పట్టుకుని, ఏదో జోకు వేసి, తనే ముందు నవ్వుతున్నారు. పై అంతస్తులో నేను, కింది అంతస్తులో ఆమె, ఆ రోజులన్నీ ఇద్దరం ఆ ఒక్క మనిషి పేరే చెప్పాం. ఆయనకు వీటి మీద నమ్మకమే లేదు. ఊపిరి అందని మనిషి పేరు ఎవరూ చెప్పలేదు. భార్య చెప్పలేదు, నన్ను నమ్మి. నేను చెప్పలేదు.

అప్పుడు చెప్పేసి ఉండాల్సింది. ఆమె టీ గ్లాసు చేతికిచ్చింది. నేను పంచదార ఎక్కువైందన్నాను.

మీరు అడగబోయేది నాకు తెలుసు. నేను పేరు చెప్పి ఉంటే సూరిబాబు బతికేవాడా? బతికేవాడు కాదేమో. ఊపిరితిత్తులు అప్పటికే పాడైపోయాయని డాక్టర్లు అన్నారట. నేను అంత మూర్ఖురాలిని కాదు. కానీ ఇక్కడొక చిక్కుంది. నా జపం వల్ల సూరిబాబు బతికేవాడు కాదని ఒప్పుకుంటే, నా జపం వల్ల మా ఆయన బతికారన్నదీ పోతుంది. మా ఆయన జపం వల్లే గట్టెక్కారని నమ్మితే, సూరిబాబును వదిలేసింది నేనేనని నమ్మాలి. ఇన్నేళ్లుగా పొద్దున ఒకటీ సాయంత్రం ఒకటీ నమ్ముతూ వచ్చాను. ఎవరు చేసుకున్నది వాళ్లే అనుభవించాలని బోధించినదాన్ని నేనే కదా. మరి నాకేమీ కాలేదు. ఇల్లు బాగుంది, ఆయన బాగున్నారు, రక్తపోటు మాత్రలు కూడా ఈ మధ్య తగ్గించారు. నా కర్మ ఇదేనేమో, మణి ప్రేమగా పంపే డబ్బా మూత తెరవడం.

మణికి ఎందుకు చెప్పవు అంటారా? చెబితే నాది దిగుతుంది. కానీ అది ఆమె నెత్తిన పడుతుంది. ఆయన మంచి చోటికి పోయాడన్న ఒక్క మాట మీద నిలబడి ఉన్న మనిషి. అక్కను నమ్మి నేను కూడా అడగకుండా ఉండిపోయానే అని ఆమె కుమిలిపోతే, దానికి నా దగ్గర ఏముంది? అందుకని చెప్పలేదు. అలాగని ఇది పూర్తిగా ఆమె మీద దయ అనుకోకండి. ఆమె నన్ను అక్కా అని పిలిచే తీరు పోగొట్టుకోలేకపోవడం కూడా ఇందులో ఉంది. ఎంత దయ, ఎంత పిరికితనం అన్నది నేను విడదీయలేకపోతున్నాను. ఎప్పటికైనా చెబుతానేమో. చెప్పకుండానే పోతానేమో.

అల్ ఐన్ నుంచి వచ్చాక, ఓ పొద్దున అరచేతిలో నీళ్లు పోసుకుని సూరిబాబు గోత్రం, నక్షత్రం, ఇంటిపేరుతో సహా పేరు చెప్పాను. ఇన్నేళ్లయినా అక్షరం మరచిపోలేదు. పోయిన మనిషికి ఆ మంత్రం చేయరు, ఆ సంగతి నాకు తెలుసు. చేయలేదు. ఏమీ అడగలేదు. ఊరికే చెప్పి, నీళ్లు వదిలి కూర్చున్నాను. నాకు శాంతి రాలేదు. వస్తుందని కూర్చోలేదు కూడా.

ఒక్కటి మాత్రం అప్పుడే తెలిసింది. మళ్లీ ఆ తెల్లవారుజామే వచ్చి, పక్కగదిలో ఆయన అలాగే దగ్గుతుంటే, నేను ముందు మా ఆయన పేరే చెబుతాను. అందులో మార్పు లేదు, మీకు అబద్ధం చెప్పను. కానీ దాని వెంట రెండో పేరు చెప్పడానికి ఎంతసేపు పట్టేది? గోత్రం, నక్షత్రం, పేరు అన్నీ కలిపి ఒక్క ఊపిరి. ఊపిరి ఆడక పోయిన మనిషికి ఆ ఒక్క ఊపిరి నేను ఇవ్వలేదు.

చెప్పేశాను.